ఎడమవైపు నవ్వు

మా తమ్ముడు తౌనో
ముప్పై ఒక్క ఏళ్లు సైమా కాలువ మీద
తలుపులు తెరిచాడు, మూశాడు.
నీళ్లు ఎంత ఎత్తుకి రావాలో
మీటరు కన్నా ముందు వాడి అరచేతికి తెలిసేది.

ఇప్పుడు వాడి గుండెలో పైగది
మూయనూ మూయదు, తెరవనూ తెరవదు,
ఊరికే వణుకుతుంది.
"అక్కడ నెత్తురు నిలవ ఉంటుంది" అంది డాక్టర్ పెల్కోనెన్,
చీటీ వెనకాల నీలం సిరాతో ఓ మడుగు గీసి.
"నిలవున్నది పేరుకుంటుంది.
పేరుకున్నది కదిలిందా, నేరుగా మెదడుకే."

నిలవనీటి సంగతి తౌనోకి ఒకరు చెప్పాలా!
నవంబరులో ముందు బిగిసేది
పడవలు కట్టేసిన మూలే.

అందుకని పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, గులాబీరంగు బిళ్ల.
నెత్తురు పలచబడాలి.
కానీ పేగులో ఇంకొకటి కూచుని ఉంది,
పలచని నెత్తురు కోసమే కాచుకుని.
అక్కడ గడ్డ, ఇక్కడ గడ్డకడుతుందేమోనన్న బెంగ,
కిటికీ అవతల కాలువంతా గడ్డే.
నాకు తెలిసిందల్లా గడ్డం.

రేవు పక్కన నలభై ఏళ్లు క్షౌరశాల నడిపాను.
కెరటం మీంచి దిగొచ్చిన నావికుల ఊగే మెడల మీద కూడా
ఒక్క గాటు పడనివ్వలేదు.
ఆ కత్తిని డాక్టరమ్మ ఒక్క మాటతో సొరుగులో పెట్టించింది.
కరెంటు రేజరు కొన్నాం. తేనెటీగలా గీపెడుతుంది,
చెవి కింద ఎప్పుడూ నాలుగు వెంట్రుకలు వదిలేస్తుంది.

మూడో విడత కీమో అయ్యాక
ప్లేట్‌లెట్లు ఇరవై ఒక్క వేలకి జారాయి.
"బిళ్ల ఆపండి" అంది పెల్కోనెన్.
ఎన్నాళ్లు?
"లెక్క పెరిగేదాకా."
నిన్నటిదాకా చిగుళ్లూ దిండుగుడ్డా
ఎర్రగా ఉన్నాయేమోనని చూసినదాన్ని
ఇవాళ్టి నుంచి ముఖం చూడాలి.
నవ్వమనండి, రెండు చేతులూ ఎత్తమనండి,
ఒక వాక్యం చెప్పించండి.
ఏది తప్పినా ఫోన్ చెయ్యండి.

నవ్వమనాలట, తౌనోని!
పెళ్లి ఫోటోలో కూడా నవ్వని మనిషిని.

మొదటి పొద్దు పళ్లు చూపించాడు,
గుర్రాల సంతలో చూపించినట్టు.
రెండో రోజూ అంతే.
చేతులెత్తాడు. వాక్యానికి బదులు
లాకుల పేర్లు వరసగా అప్పజెప్పాడు:
మాల్కియా, ముస్తొలా, సోస్కువా...
ఐదు రోజులు హాజరు పట్టీలా గడిచింది.

ఆరో రోజు గంజి మాడగొట్టాను.
పొగలో దగ్గుతూ, గరిటె పట్టుకునే వచ్చి
"ఏదీ, నవ్వు" అన్నాను.
నవ్వాడు.
ఎడమ పెదవి పైకి లేచింది.
కుడిది కదల్లేదు.

గరిటె ఎక్కడ పడిందో తెలీదు.
నూట పన్నెండు నొక్కాను. వేళ్లు నావి కావు.
తౌనో రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు,
దొంగ పట్టుబడ్డట్టు,
మాల్కియా, ముస్తొలా అంటూనే ఉన్నాడు.
అంబులెన్స్ కుర్రాడు కళ్లలో లైటు వేసి చూశాడు,
చేతులు నొక్కించుకున్నాడు.
ఆస్పత్రిలో స్కాన్ తీశారు. ఏమీ లేదన్నారు.
"ఈయన ముందునుంచీ ఇలాగే నవ్వుతారా?"
నాకేం తెలుసు!

ఇంటికొచ్చి బిస్కెట్ డబ్బాలో వెతికాను.
ఏడేళ్ల తౌనో, చేతిలో జానెడు చేప,
ఎడమవైపుకి ఎగిరిన పెదవి.
అరవై ఆరేళ్లుగా నేను చూసినవి
అడిగితే చూపించిన పళ్లే.

పదకొండో రోజు లెక్క యాభై వేలు దాటింది.
బిళ్ల మళ్లీ మొదలైంది. భయం తిరిగి చిగుళ్లకి చేరింది.
ఇక ముఖం చూడక్కర్లేదని కాదు కానీ
అడగడం మర్చిపోయాను.
రేజరు చెవి దాటుతుండగా
అద్దంలోంచి వాడే అన్నాడు:
"హెల్వీ, ఇవాళ్టిది ఇంకా కాలేదు."